పది దాకా లెక్క

ఇంట్లో ఆ పిల్లని వసపిట్ట అంటారు. సర్టిఫికెట్లలో వేరే పేరుంది గానీ, దానితో పిలిచేవాళ్లు లేక అది అక్కడే ఉండిపోయింది. పొరపాటున రాంగ్ నంబరు ఫోన్ వచ్చినా సరే, అవతలివాళ్ల పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారో కనుక్కుంటే తప్ప పెట్టేయదు. తప్పు ఆ పిల్లది ఒక్కదానిదే కాదులెండి. వంశమే అలాంటిది. తల్లి ఇంట్లోనే కూర్చుని బట్టలు సరిచేసి ఇస్తుంది. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పట్టుకుని కూడా ఆవిడ మాట్లాడగలదు. తండ్రికి ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే కొట్టుంది. ఆ ఇంట్లో ఎవరైనా ఒక నిమిషం పాటు నోరు మూసుకున్నారంటే కోపమైనా వచ్చి ఉండాలి, జ్వరమైనా వచ్చి ఉండాలి.

అలాంటి ఇంటి పిల్ల యూనివర్సిటీలో సోషియాలజీ చదువుతోంది. ఆఖరి ఏడాది.

"సోషియాలజీ అంటే ఏంటి మరి? పదిమంది ఇళ్లల్లో సంగతులు కనుక్కోవడమేగా. మీ పెద్దత్త ఏ డిగ్రీ లేకుండా, ఫీజు కట్టకుండా నలభై ఏళ్లుగా చేస్తోంది" అంటాడు తండ్రి, వచ్చినవాళ్లందరి ముందూ. అందరూ నవ్వుతారు. వసపిట్ట కూడా నవ్వుతుంది గానీ, ఆ మాట గుచ్చుకోకపోలేదు. మిగతా విషయాల్లో కూతురు కొండమీది కోతిని అడిగినా తెచ్చిచ్చే మనిషి, ఈ చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకో ముఖం గంటు పెట్టుకుంటాడు. ఎందుకని అడిగితే, "దానికి ఉద్యోగాలెక్కడున్నాయే?" అంటాడు.

ఉన్నాయి. క్లాసులో మేడం లెక్క చెప్పింది. తన దగ్గర చదివినవాళ్లు సర్వే ఆఫీసుల్లో ఉన్నారు, పత్రికల్లో ఉన్నారు, ఊళ్లకి రోడ్లూ బస్సులూ ఎక్కడ కావాలో తేల్చే ఆఫీసుల్లో ఉన్నారు, జైలు నుంచి బయటికి వచ్చినవాళ్లకి పని వెతికిపెట్టే చోట ఉన్నారు. ఈ ఏడాది పెద్దాసుపత్రి వాళ్లు కొత్తగా ఒక గది తెరుస్తున్నారు. రోగులూ వాళ్ల మనుషులూ వచ్చి తమకి జరిగింది చెప్పుకుంటారు. విని, రాసి, పై వాళ్లకి తెలియజేయాలి. క్లాసు నుంచి ఇద్దరిని పంపమన్నారు. ఆరు నెలలు శిక్షణ, తరవాత ఉద్యోగం. వసపిట్టకి ఆ గది మీద మనసు పడింది. ఇంత మాటకారిని, నాకు కాక ఇంకెవరికి వస్తుందిలే అనుకుంది పాపం.

మేడం ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ముప్పై ఏళ్లు సర్వేల్లో ఇల్లిల్లూ తిరిగి, మోకాళ్లు అరిగాక పాఠాలు చెప్పడానికి వచ్చింది. ఆవిడ నేర్పే విద్యంతా ఒక్క ముక్కలో ఉంది: ప్రశ్న అడుగు, జవాబు విను, విన్నాక మనసులో పది దాకా లెక్కపెట్టు. ఈలోగా నోరు విప్పకు.

"మొదట వచ్చేది వాళ్లు అందరికీ చెప్పే జవాబు. రెండోది వాళ్లకి మాత్రమే తెలిసింది. ఆ రెండింటికీ మధ్య పది అంకెల దూరం. అక్కడ మీరు నోరు తెరిచారో, రెండోది ఇక జన్మలో రాదు" అంది మేడం.

ఏదో ఒక పని చేసుకునే మనిషిని ఒక గంట మాట్లాడించి, రికార్డు చేసి, మేడంకి ఇవ్వాలి. వసపిట్ట అప్పటికే రెండుసార్లు ఇచ్చి రెండుసార్లూ తప్పింది. మొదటిది ఒక బస్సు కండక్టరమ్మతో. మేడం దాన్ని వాచీ పట్టుకుని విన్నది.

"గంటలో నలభై ఒక్క నిమిషాలు నువ్వే మాట్లాడావు. ఆ కండక్టరు గురించి నాకు తెలిసిందల్లా ఆవిడకి ఒక వాచీ ఉందని. అది కూడా 'టైమైపోయింది, వస్తానమ్మా' అంది కాబట్టి తెలిసింది."

క్లాసంతా గొల్లుమంది. రెండోదాంట్లో ముప్పై నాలుగు నిమిషాలకి దిగింది. అయినా చాలదు. మూడోదీ, ఆఖరిదీ శుక్రవారం లోపు ఇవ్వాలి. అది కూడా తప్పితే ఆసుపత్రికి పంపే జాబితాలో పేరుండదని మేడం మొహమాటం లేకుండా చెప్పేసింది.

దాంతో వసపిట్ట ఇంట్లో సాధన మొదలుపెట్టింది. ఒక సాయంత్రం తల్లి దగ్గర చేరి, "అమ్మా, ఇవాళంతా ఏం చేశావు?" అని అడిగింది.

"ఏముందే, రెండు ప్యాంట్లు పొట్టి చేశాను, ఒక కోటు వదులు చేశాను" అంది తల్లి.

వసపిట్ట తల్లి ముఖంలోకి చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగు దగ్గర తల్లి సూది ఆపింది. ఐదు దగ్గర కూతురి నుదురు తాకి చూసింది. జ్వరం లేదు. ఏడు దగ్గర ఆవిడ ముఖం మారిపోయింది.

"సరేలేవే, అలా చూడకు. నీ నీలం చొక్కా ఇస్త్రీ చేస్తూ కాల్చింది నేనే. మీ నాన్న మీదికి తోసేద్దామనుకున్నాను. ఎలా కనిపెట్టావు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో వసపిట్టకి ఆ రోజు తెలిసింది. అసలు ఎవరూ దొంగ అని కూడా అననక్కర్లేదన్నమాట. ఊరికే చూస్తే చాలు. చొక్కా పోయినందుకు ఏడవాలో, విద్య పట్టుబడినందుకు ఎగరాలో తెలియక రెండూ కొంచెం కొంచెం చేసింది.

బుధవారం నాడు ఒక నర్సు మాట్లాడతానని ఒప్పుకుంది. తీరా వెళ్లేసరికి డ్యూటీ మారిందని కబురు పెట్టింది. ఇంకో మనిషిని వెతికే వ్యవధి లేదు. గురువారం మధ్యాహ్నం వసపిట్ట దిగాలుగా తండ్రి కొట్టుకి వెళ్లింది.

కొట్టు అంటే పెద్దదేం కాదు. ముందు ఒక బల్ల, వెనక గోడంతా రెక్కల్లేని ఫ్యాన్లు. మధ్యాహ్నం బేరాలుండవు. అప్పుడే తండ్రి తీగ చుట్టే పని పెట్టుకుంటాడు. కాలిపోయిన మోటారుకి పాత తీగ విప్పేసి కొత్త రాగి తీగ చుట్టాలి. ఎన్ని చుట్లున్నాయో సరిగ్గా అన్నే చుట్టాలి. ఒకటి తగ్గినా పెరిగినా ఫ్యాను గొణుగుతుంది. మాట్లాడుతూనే లెక్క తప్పకుండా చుట్టడం ఆయన ఒక్కడికే చెల్లిన విద్య.

"నాన్నా, నిన్ను అడగనా?"

"నన్నా? నా గురించి నీకు తెలియందేముందే?"

"ఏమీ లేదనుకో. అయినా గంటసేపు మాట్లాడు. నా ఉద్యోగం నీ చేతుల్లో ఉంది."

ఆ మాటతో ఆయన లొంగాడు. వసపిట్ట అట్టకి కాగితం తగిలించి, ఫోను బల్లమీద పెట్టి, పద్ధతి ప్రకారం మొదటి పేరా చదివింది. మీరు చెప్పేది చదువు కోసమే వాడతాం, మీ పేరు రాయం, ఎప్పుడు వద్దంటే అప్పుడు తీసేస్తాం.

"ఎవరే ఆ మీరు? నా వెనకాల ఎవరైనా నిలబడ్డారా?" అని వెనక్కి తిరిగి చూశాడు తండ్రి. వసపిట్ట నవ్వు ఆపుకుని, సంతకం పెట్టించుకుంది.

మొదటి అరగంట బాగానే నడిచింది. చిన్నప్పటి సంగతులు, పని నేర్చుకోవడం, పెళ్లి. అన్నీ తెలిసినవే. ప్రతిదానికీ తను అందించాల్సిన మాటొకటి నాలుక చివర తయారుగా ఉంది. నాలుక కరుచుకుంది. నిజంగానే కరుచుకుంది, నొప్పి పుట్టేటట్టు.

"అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని ఎందుకు మానేశారు?" అని అడిగింది, కాగితం చూస్తూ.

ఇది ఆ ఇంటి పురాణం. ఇంటికొచ్చిన చుట్టాలకి మంచినీళ్ల తరవాత వడ్డించేది ఇదే. ఇరవై రెండేళ్ల కిందట తండ్రి ఆ ఫ్యాక్టరీలో షిఫ్టు మేస్త్రీ. అట్టలు కోసే యంత్రంలో పడి ఆయన స్నేహితుడి కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. తండ్రి మేనేజరు గదిలోకి వెళ్లి, "మనుషులంటే లెక్కలేని చోట నేను పనిచెయ్యను" అని తాళాల గుత్తి బల్లమీద విసిరికొట్టి బయటికి వచ్చేశాడు. బల్ల అద్దం పగిలిందని కూడా అంటారు. ఆ స్నేహితుణ్ణి వసపిట్ట బాబాయి అంటుంది. గ్రంథాలయంలో పుస్తకాలు తిరిగి అరల్లో సర్దే పని చేస్తాడు. రోజూ సాయంత్రం కొట్టుకి వచ్చి తండ్రితో చదరంగం ఆడతాడు, మిగిలిన రెండు వేళ్లతో పావులు జరుపుతూ. తాళాల కథ వచ్చినప్పుడల్లా వినేవాళ్లు ఆహా అంటారు. బాబాయి మాత్రం తలెత్తడు. పావుల వంక చూసుకుంటూ ఉంటాడు.

తండ్రి కథ చెప్పాడు. తాళాలు విసిరాడు, అద్దం పగిలింది. కథ అయిపోయింది. రెండొందల పది, రెండొందల పదకొండు అని తీగ చుట్టుకుంటూ పోతున్నాడు.

వసపిట్ట లెక్క మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మామూలుగా ఇక్కడ "అప్పుడు మేనేజరు ముఖం చూడాలి!" అని తను అందుకోవాలి. మూడు. నాలుగు. తండ్రి తలెత్తి చూశాడు. "ఏంటే, వినడం లేదా?" అన్నాడు. వింటున్నానని తల ఊపింది. ఐదు. ఆరు. ఆయన మళ్లీ తీగ పట్టుకున్నాడు గానీ చుట్టలేదు. ఏడు. వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. ఎనిమిది. తొమ్మిది.

"అలా కాదు జరిగింది" అన్నాడు తండ్రి.

తీగ వదిలేశాడు. చుట్ల లెక్క పోయింది. ఆయన లెక్క పోగా వసపిట్ట చూడటం అదే మొదలు.

"ఆ యంత్రానికి కత్తి ముందు ఒక ఇనప మూత ఉంటుంది, చెయ్యి లోపలికి పోకుండా. మూత ఉంటే పని నెమ్మదిగా సాగుతుంది. ఆ రోజు సరుకు పంపించాలి, తొందరగా కానివ్వమన్నారు. మూత విప్పేశాను. నేనే విప్పాను, నా స్పానరుతో. అప్పుడు మీ బాబాయి అక్కడ లేడు. ఒక్క గంటే కదా అనుకున్నాను."

వసపిట్ట లెక్కపెట్టడం మరిచిపోయింది. ఇప్పుడు దాని అవసరం కూడా లేదు.

"తరవాత ఒకాయన వచ్చాడు విచారణకి. చేతిలో అట్ట, అట్టకి కాగితం. అచ్చం నీలాగే. 'మూత ఉందా?' అన్నాడు. 'ఉందండీ' అన్నాను. టిక్కు పెట్టుకున్నాడు. 'మరి కార్మికుడే తీశాడా?' అన్నాడు. నేను మాట్లాడలేదు. దానికీ టిక్కు పెట్టి పేజీ తిప్పేశాడు. నా ముఖంలోకి చూడనైనా లేదు. నువ్వు ఇప్పుడు కూర్చున్నట్టు ఒక్క నిమిషం కూర్చుని ఉంటే చెప్పేసేవాణ్ణే. నోటిదాకా వచ్చింది. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. తప్పు ఆయనదని అనడం లేదు. తప్పు నాదే. కానీ అప్పట్నుంచీ అట్టలు పట్టుకుని ప్రశ్నలడిగేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. నువ్వు ఆ చదువే చదువుతానన్నావు."

"మరి తాళాలు?" అని అడిగింది వసపిట్ట, చిన్న గొంతుతో.

"తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చి వచ్చేశాను. రోజూ ఆ యంత్రం పక్కనుంచి నడవలేక. మేనేజరు ఆ వేళ ఊళ్లోనే లేడు. మీ బాబాయి తప్పేనని కాగితం మీద రాశారు. వాడు ఆ కాగితం చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు."

దాచడం ఎందుకు, వసపిట్టకి మొట్టమొదట వచ్చిన ఆలోచన మంచిది కాదు. క్లాసులో ఎవరికీ ఇలాంటి రికార్డింగు దొరికి ఉండదు అనుకుంది. ఆసుపత్రి గది తలుపులు తెరుచుకున్నట్టే అనిపించింది. ఆ వెంటనే తండ్రి చేతులు చూసింది. రాగి తీగ కోసుకుపోయి సన్నని గీతలు పడ్డ చేతులు, బల్లమీద ఊరికే పడి ఉన్నాయి. తన మీద తనకే సిగ్గేసింది.

"ఇది మీ మేడంకి ఇస్తావా?" అన్నాడు తండ్రి.

"నువ్వు చెప్పు నాన్నా."

"ఇచ్చెయ్. నీ ఉద్యోగం కదా. నా పేరు రాయరన్నావుగా."

ఇది మొదటి జవాబు. వసపిట్ట ఏమీ అనలేదు. ఈసారి చదువు కోసం కాదు, నిజంగానే ఏమనాలో తెలియక. ఎనిమిది దాకా వచ్చిందేమో, తండ్రి గొంతు సవరించుకున్నాడు.

"వద్దులే అమ్మా. ముందు వాడికి చెప్పాలి. ఇన్నేళ్లూ వాడికి చెప్పని మాట ఇంకెవరి చెవినో పడితే, వాడి ముఖం నేనెలా చూసేది?"

వసపిట్ట ఫోను తీసుకుని, ఆయన చూస్తుండగానే రికార్డింగు చెరిపేసింది. గంటా నాలుగు నిమిషాలది. తను మాట్లాడింది ఆరు నిమిషాలకి మించదు. ఆ సంగతి ఇక మేడంకి ఎప్పటికీ తెలియదు.

శుక్రవారం మేడం గదికి ఒట్టి చేతులతో వెళ్లింది. ఒట్టి చేతులంటే, ఒక కాగితం ఉంది. ఇంటర్వ్యూ ఇచ్చిన మనిషి తన మాటలు వెనక్కి తీసుకున్నారు అన్నచోట టిక్కు పెట్టిన కాగితం.

మేడం దాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఇది ఎగ్గొట్టేవాళ్లకి మంచి దారి. నేనెలా నమ్మాలి? ఎవరా మనిషి?"

"చెప్పకూడదండీ."

"పేరొద్దు. ఏ విషయం అని వెనక్కి తీసుకున్నారు? అది చెప్పు, జాబితాలో నీ పేరు ఉంచే దారేమన్నా ఉందేమో చూస్తాను."

"వాళ్ల సొంత విషయమండీ" అంది వసపిట్ట.

మేడం కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టి, వసపిట్ట ముఖంలోకి చూస్తూ ఊరుకుంది.

రెండు అంకెల తరవాత గానీ వసపిట్టకి అర్థం కాలేదు. ఆవిడ లెక్కపెడుతోంది. అమ్మో అనుకుంది. మాటలు గొంతులోకి ఎగదన్నుకొచ్చాయి. ఫ్యాక్టరీ, మూత, స్పానరు, అన్నీ వరసలో నిలబడి తోసుకుంటున్నాయి. ఒక్క మాట, ఊరికే ఒక్క మాట చెబితే ఈవిడ ఎంత మెచ్చుకుంటుంది! నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా చెప్పుకునే పిల్ల, పెదాలు బిగించి కిటికీ అవతల మెట్లు కడుగుతున్న మనిషిని చూస్తూ కూర్చుంది. పది దాటింది. గోడ గడియారం చప్పుడు ఇంత పెద్దదని మునుపెన్నడూ తెలియలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నోరు మాత్రం తెరవలేదు.

మేడమే ముందు కదిలింది. కళ్లద్దాలు పెట్టుకుంది.

"ముప్పై దాకా లెక్కపెట్టాను. ముప్పై ఏళ్లలో నా దగ్గర పదిహేను దాటినవాళ్లు లేరు" అంది. కాగితాన్ని ఫైల్లో పెట్టుకుంది. "రికార్డింగు లేకుండా మార్కులు వెయ్యలేను. సెలవుల్లో మళ్లీ ఒకటి చేసి తేవాలి. ఆసుపత్రికి మాత్రం నీ పేరు రాస్తున్నాను. వినేవాళ్లు నాకు ఏడాదికి పదిమంది దొరుకుతారు. విన్నది కడుపులో పెట్టుకునేవాళ్లు కావాలి ఆ గదికి."

వసపిట్ట బయటికి వచ్చి, మెట్లు కడిగే మనిషిని నిలబెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడింది. అంతసేపు బిగబట్టింది ఎక్కడో ఒకచోట బయటికి రావాలి కదా.

ఇంట్లో తల్లి సంబరపడిపోయి పెద్దత్తకి ఫోన్ చేసింది. పెద్దత్త ద్వారా సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది. తండ్రి, "మంచిది తల్లీ" అన్నాడు. అంతకు మించి అనలేదు. ఆ రోజూ మర్నాడూ కొట్టులో చదరంగం మామూలుగానే నడిచింది. వసపిట్ట అడగలేదు. అడగకుండా ఉండటం ఇంత కష్టమని తెలిస్తే వేరే చదువు చదివేదాన్నేమో అని కూడా అనుకుంది.

ఆదివారం తండ్రి ఉతికిన చొక్కా వేసుకుని బాబాయి ఇంటికి బయల్దేరాడు. ఆయన బాబాయి దగ్గరికి వెళ్లడమన్నది లేదు, బాబాయే వస్తాడు. అందుకని తల్లి, "ఏంటి విశేషం?" అంది. "ఊరికే" అన్నాడు. వసపిట్ట కొట్టుకి వెళ్లి కూర్చుంది. మూడు గంటలకి వెళ్లిన మనిషి ఐదు దాటాక తిరిగి వచ్చాడు. స్టూలు లాక్కుని, గురువారం నుంచి అలాగే ఉన్న మోటారు ముందు కూర్చున్నాడు.

"చెప్పావా నాన్నా?"

"చెప్పాను."

వసపిట్ట ఆగింది. అంకెలు లెక్కపెట్టలేదు. తండ్రి చుట్టిన తీగ కొస పట్టుకుని, మొత్తం విప్పేయసాగాడు.

"నాకు తెలుసురా అన్నాడు. ఆ రోజే తెలుసట. స్పానరు నా జేబులోనే ఉంది, చూశాడట. ఆసుపత్రికి బండిలో తీసుకెళ్తున్నప్పుడు వాడి తల నా ఒళ్లోనే ఉంది కదా."

విప్పిన తీగ బల్లమీద కుప్పగా పడింది. ఆయన దాన్ని పక్కకి తోసి, కొత్త తీగ చివర దొరకబుచ్చుకున్నాడు.

"తెలిసి ఇన్నేళ్లూ అడగలేదేంరా అన్నాను. అడిగితే ఆ తాళాల కథే చెబుతావుగా, అందుకే అడగలేదు అన్నాడు."

తండ్రి తీగ బిగించి, మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు.